విమానాల జాడ – మూడో పాఠం: యాంటెనా ఏది, ఎక్కడ

పోయిన పాఠంలో డాంగిల్‌ని (విమానాలు పంపే సంకేతాల్ని అందుకునే చిన్న యూఎస్‌బీ రేడియో) ల్యాప్‌టాప్‌కి తగిలించి, దాంతోపాటు వచ్చిన చిన్న యాంటెనాని కిటికీలో పెట్టి, నాలుగైదు విమానాల్ని తెర మీద చూశాం. ఈసారి మేడ ఎక్కుదాం.

ఎక్కేముందు ఒక లెక్క. విమానం తన జాడని 1090 మెగాహెర్ట్జ్ మీద పంపుతుంది. ఆ తరంగాలు మన చూపులాగే దాదాపు నేరుగా పోతాయి. కొండ అడ్డొస్తే ఆగిపోతాయి, భూమి వంపు అవతల ఉన్నవాళ్లకి అందవు. ఎత్తుని మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, 4.12తో గుణించండి. ఎన్ని కిలోమీటర్లు అందుతుందో వస్తుంది. 35,000 అడుగుల మీద పోతున్న విమానం 10,668 మీటర్ల ఎత్తులో ఉన్నట్టు. దాని వాటా 425 కిలోమీటర్లు. నేలకి 9 మీటర్ల ఎత్తున ఉన్న మన యాంటెనా వాటా 12. రెండు వాటాలూ కలిపితే మనకి అందే దూరం. పైపు మీద పైపు వేసి 16 మీటర్లకి లేపామనుకోండి, 12 కాస్తా 16 అవుతుంది. ఏడు మీటర్ల పైపుకి నాలుగు కిలోమీటర్లు!

కాబట్టి ఎత్తు కోసం ఎత్తు వద్దు. పక్కింటి కొబ్బరిచెట్టు మట్టలు, మన నీళ్ల ట్యాంకు, వీటిని దాటితే చాలు. నీళ్లతో నిండిన ట్యాంకు ఈ తరంగాలకి గోడలాంటిది. వానకి తడిసిన కొబ్బరాకులూ తక్కువేం కాదు.

ఇదే లెక్కని తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం సూటిగా సుమారు 95 కిలోమీటర్లు. అక్కడ దిగుతున్న విమానం సుమారు 400 మీటర్ల కిందికి రాగానే, మధ్యలో ఏ అడ్డూ లేకపోయినా మన తెర మీద మాయమవుతుంది. యాంటెనా పాడైందని టెన్షన్ పడకండి. విజయనగరం వైపున్నవాళ్లకి భోగాపురం విమానాశ్రయం దగ్గర కాబట్టి అక్కడ ఇంకా కిందిదాకా కనిపించాలి, మధ్యలో గుట్ట లేకపోతే.

ఇక ఏ యాంటెనా? మీటరు పొడవు ఫైబర్ గొట్టం చూపించి ‘ఇంత గెయిన్, అంత గెయిన్’ అని అమ్ముతారు. గెయిన్ అంటే కొత్తగా పుట్టుకొచ్చే బలం కాదు. గరిటెడు పిండిని మందంగా పోస్తే దిబ్బరొట్టె, పల్చగా తిప్పితే అట్టు. పిండి అదే. గెయిన్ ఎక్కువున్న యాంటెనా అట్టులా చుట్టూ దూరానికి పరుచుకుంటుంది, నెత్తిమీద పోయే విమానం దగ్గర బలం తగ్గుతుంది. సముద్రం వైపు ఏ అడ్డూ లేని కళింగపట్నంలాంటి చోట అది పనికొస్తుంది. ఊరి మధ్య మేడకి మొదటిసారే అది కొనడం నా దృష్టిలో డబ్బు దండగ.

మనం చేసుకునేది పావు తరంగం యాంటెనా. 300ని 1090తో భాగిస్తే 0.275 మీటరు, అంటే తరంగం పొడవు 27.5 సెంటీమీటర్లు. అందులో పావు 6.9. డిష్ సామాన్ల షాపులో వెనక పిన్ను ఉన్న ఎఫ్ సాకెట్ (డిష్ కేబుల్ బిగించేది) అడగండి. ఎర్తింగ్‌కి వాడే 14 గేజ్ రాగి తీగ ఒక మీటరు చాలు, ఇంకా మిగులుతుంది. పిన్నుకి నిలువుగా ఒక తీగ టంకం పెట్టి, సాకెట్ ఒంటి నుంచి పైకి 6.9 సెంటీమీటర్లు ఉండేలా కత్తిరించండి. సాకెట్ ఒంటికి నాలుగు వైపులా మరో నాలుగు తీగలు అంతే పొడవువి టంకం పెట్టి, గొడుగు ఊచల్లా 45 డిగ్రీలు కిందికి వంచండి. మధ్య తీగ నిలువుగానే ఉండాలి. పాత టీవీ యాంటెనాకి ఊచలు అడ్డంగా ఉండేవి, దాన్ని ఒక దిక్కుకి తిప్పాల్సి వచ్చేది. దీనికి ఆ తిప్పుడు లేదు. నేను మొదటిసారి పైపు పట్టుకుని మేడ మీద తిరుగుతుంటే కింద నుంచి ఒక పెద్దాయన, ‘ఏటి బాబూ, మళ్లీ దూరదర్శన్ పెడతన్నావేటి?’ అన్నారు.

కేబుల్ దగ్గరే చాలామంది పోగొట్టుకుంటారు. డాంగిల్‌తో వచ్చే సన్న తీగ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర మీటరుకి సుమారు ఒక డెసిబెల్ (సిగ్నల్ బలం ఎంత తగ్గిందో చెప్పే కొలత) తినేస్తుంది. పది మీటర్లు లాగితే వచ్చిన దాంట్లో పదో వంతే లోపలికి చేరుతుంది. నేను మొదట చేసిన పని అదే. మేడ మీద యాంటెనా, కింద గదిలో ల్యాప్‌టాప్, మధ్యలో పన్నెండు మీటర్ల సన్న తీగ. కిటికీలో పెట్టినప్పుడే ఎక్కువ విమానాలు కనిపించాయి! డిష్ వాళ్లు వాడే ఆర్‌జీ-6 కేబుల్ అయితే పది మీటర్లకి రెండు డెసిబెల్సే పోతుంది. అది 75 ఓమ్స్, డాంగిల్ 50 ఓమ్స్ కదా అని అడుగుతారు. ఆ తేడా వల్ల పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు కూడా ఉండదు, వదిలేయండి. డాంగిల్ దగ్గర ఎఫ్ నుంచి ఎస్‌ఎంఏకి (డాంగిల్‌కి ఉండే చిన్న మర కనెక్టర్) మార్చే అడాప్టర్ ఒకటి పెట్టుకోండి.

ఇక బిగింపు. ముప్పావు అంగుళం పీవీసీ పైపు మూతకి బెజ్జం వేసి, సాకెట్‌ని అందులో కూర్చోబెట్టి, చుట్టూ సిలికాన్ పూయండి. కేబుల్ పైపు లోపల్నుంచే కిందికి రావాలి. అప్పుడు కనెక్టర్ మీద వాన పడదు. పైపు కింది కొస మాత్రం మూయకండి, లోపల చేరిన తేమ కారిపోవాలి. ఈ పీవీసీని మెట్లగది గోడకి బిగించిన జీఐ పైపుకి రెండు చోట్ల క్లాంపులతో పట్టించండి. యాంటెనా ఇనప పైపు కొస కంటే కనీసం ఒక అడుగు పైన ఉండాలి. కేబుల్ గోడలోంచి గదిలోకి దూరేచోట, దూరకముందే ఒక వంపు కిందికి వదలండి. నీటిబొట్టు అక్కడ రాలిపోతుంది, ఇంట్లోకి రాదు.

క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. మన ఉప్పుగాలికి మామూలు నట్లు త్వరగా తుప్పుపట్టి, విప్పాలంటే కోయాల్సి వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరిచెట్లనే పడగొట్టింది. తుపాను హెచ్చరిక వస్తే పీవీసీ ముక్కని క్లాంపులు విప్పి కిందికి దించేయండి, పది నిమిషాల పని. కేబుల్‌ని అడుగడుగునా గోడకి క్లిప్పులు కొట్టి బిగించండి. లేదంటే కోతులు దాంతో ఉయ్యాల ఊగుతాయి.

పిడుగుల సంగతి నవ్వులాట కాదు. జీఐ పైపుని విడి తీగతో ఎర్త్‌కి కలపండి. వేసవి సాయంత్రాలు పడమట మబ్బు నల్లబడగానే డాంగిల్ నుంచి కేబుల్ పీకేయండి. ఉరుములు మొదలయ్యాక దాని మీద చెయ్యి వేయొద్దు.

ఈ వారం పని: కొత్త యాంటెనాతో రోజూ ఒకే గంటలో ఎన్ని విమానాలు, ఏ దిక్కున ఎంత దూరం కనిపించాయో నోట్‌బుక్‌లో రాయండి. మేడ మీద నిలబడి ఎనిమిది దిక్కుల్లో ఏ అడ్డుందో పక్కనే గీసుకోండి. తూర్పున సముద్రం మీద దూరం పోయి, పడమట తూర్పు కనుమల దగ్గర ఆగిపోతే అంతా సరిగ్గా ఉన్నట్టే. తూర్పున కూడా తక్కువే అందితే ముందు కనెక్టర్ విప్పి తడి చూడండి. దగ్గర్లో సెల్ టవర్ ఉన్నవాళ్లు ఆ సంగతి కూడా రాసుకోండి. నాలుగో పాఠంలో ఫిల్టరు చెప్పేటప్పుడు అది కావాలి.