కోతకు వెళ్లే ముందే: పండు నాలుగు రోజులు ఎక్కువ నిలవాలంటే

చెట్టు నుంచి తెగినా కాయ ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ ఊపిరి సుమారు రెండు మూడు రెట్లవుతుంది, పండు ఆయుష్షు అంత తొందరగా కరిగిపోతుంది. కాబట్టి ఎండ ముదరకముందే కోత ముగించండి. కోసింది కోసినట్టే నీడకు చేర్చండి.

మామిడితో మరీ జాగ్రత్తగా ఉండాలి. కొమ్మ ఊపి రాల్చొద్దు, చేత్తో లాగొద్దు. తొడిమ మొదలంటా ఊడితే సొన చిమ్మి తొక్క మీద పడుతుంది. అప్పటికి ఏమీ కనిపించదు, తర్వాత అక్కడే నల్లగా కాలినట్టు మచ్చ తేలుతుంది. తొడిమ కాస్త పొడవుగా ఉంచి కోయండి. నీడకు తెచ్చాక దాన్ని కురచగా కత్తిరించి, కాయల్ని జల్లెడలాంటి చట్రం మీద బోర్లించి సొన కారిపోనివ్వండి. నేల మీద మాత్రం వద్దు, మట్టిలోని బూజు ఆ గాయంలోకే చేరుతుంది. అరటి హస్తాలు విడదీసినప్పుడు కారే జిగురూ మచ్చలు చేస్తుంది, శుభ్రమైన నీటితో కడగండి.

గోనె సంచుల్లో కుక్కితే అడుగు కాయలు నలుగుతాయి. ఆ దెబ్బ మాగాక గానీ బయటపడదు. లోతు తక్కువ ప్లాస్టిక్ క్రేట్లు మేలు.

మామిడిలో మచ్చ తెగులు చెట్టు మీదే సోకి, కాయ పండేదాకా నిద్రపోతుంది. 52 డిగ్రీల నీటిలో 5 నుంచి 10 నిమిషాలు ముంచితే చాలావరకు అదుపవుతుంది. వేడి తగ్గితే ఫలితం ఉండదు, పెరిగితే తొక్క కమిలిపోతుంది. థర్మామీటర్ లేకుండా, చేయి పెట్టి చూసి ఈ పని చేయకండి. తీశాక చల్లని శుభ్రమైన నీటిలో ముంచి ఆరబెట్టండి.

చల్లగా ఉంచితే చాలనుకోవడం పెద్ద పొరపాటు. ఇవి వేడి నేలల పండ్లు, చలికి దెబ్బతింటాయి. పచ్చి అరటికి 13, 14 డిగ్రీలు, పచ్చి మామిడికి 12, 13 సరిపోతుంది. అంతకంటే బాగా చల్లబరిస్తే తొక్క రంగు చెడి, కాయ సరిగా మాగదు, రుచీ రాదు.

పండిన పండు ఎథిలీన్ వాయువు వదులుతుంది, అది పక్క కాయల్నీ తొందరపెడుతుంది. పచ్చివి, పండినవి ఒకే గదిలో పెట్టకండి. దెబ్బ తిన్నవి, కుళ్లు మొదలైనవి రోజూ ఏరేయండి. అనాస, లిచీ మాత్రం కోశాక మాగవు. వాటిని పచ్చిగా కోసి నిల్వ పెంచాలని చూస్తే తీపి రాదు, చెట్టు మీదే పండనివ్వండి.