కొమోడో ఉడుమును ఫొటో తీయడం ఎలా?

కొమోడో ఉడుములు ఉండే ఇండోనేషియాలోని కొమోడో, రించా దీవులకు ఫ్లోరెస్ దీవి పడమటి కొసనున్న లబువాన్ బాజో నుంచి పడవలో చేరుకోవాలి. ఈ దీవులున్న, 1980లో ఏర్పడిన కొమోడో జాతీయ ఉద్యానంలో రేంజర్ తోడు లేకుండా నడవకూడదు. ఒంటి మీద పచ్చి గాయం ఉంటే ఆయనకు ముందే చెప్పాలి, ఎందుకంటే నెత్తురు వాసనను ఈ ఉడుము చాలా దూరం నుంచే పసిగడుతుంది.

ఉదయం పూట వెళ్లడమే మేలు. రాత్రి చల్లబడిన ఒంటిని వెచ్చబరచుకోవడానికి అది ఎండలో కదలకుండా పడుకుంటుంది కాబట్టి, ఏటవాలు వెలుతురులో మెడ మీది ముడతలు, పూసల్లాంటి పొలుసులు విడివిడిగా కనిపిస్తాయి. 200 నుంచి 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో కంటి మీద ఫోకస్ నిలిపి, కెమెరాను వీలైనంత కిందికి దించండి. మీరు మాత్రం నేల మీద పడుకోవద్దు.

అన్నిటికన్నా విలువైన ఫొటో నాలుకదేనని నా అభిప్రాయం. రెండుగా చీలిన ఆ పసుపు నాలుక గాలిలోని వాసన కణాలను పట్టి, నోటి పైభాగంలో వాసనను గుర్తించే జేకబ్‌సన్ అవయవానికి అందిస్తుంది. అది బయటికి వచ్చే క్షణం చెదరకుండా దక్కాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యోవంతు ఉండాలి.

చెట్ల కొమ్మలనూ గమనించండి. పెద్దవి తమ జాతి పిల్లలనే తినేస్తాయి కనుక, పిల్లలు తొలి ఏళ్లలో ఎక్కువగా చెట్ల మీదే ఉంటాయి. మే నుంచి ఆగస్టు వరకు జతకట్టే కాలంలో మగవి వెనక కాళ్ల మీద లేచి కలబడతాయి. అప్పుడు జూమ్ కాస్త తగ్గించి, తోకలు కూడా ఫ్రేములో పట్టేలా చూసుకోండి.