కుప్ప మీద టార్పాలిన్ ఎంత పడుతుంది? శంకువు వైశాల్యం లెక్కకట్టడం ఎలా?

పోర్టులో బొగ్గు కుప్పైనా, ఇంటిముందు పోయించిన ఇసుకైనా దాదాపు శంకువే. విశాఖ గాలికి కప్పకపోతే సగం మన కళ్లలోకే వస్తుంది. తీరా కప్పబోతే టార్పాలిన్ చాలదు. లెక్క తొమ్మిదో తరగతిదే, తప్పు మాత్రం ఏటా అదే.

టేపు, తాడు, ఫోనులో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

తేలికవి ముందు. స్థూపానికి, అంటే మేడమీద ట్యాంకు చుట్టూ రంగు వేయాలంటే, చుట్టుకొలతను ఎత్తుతో గుణించండి. గోళానికి, మల్కాపురం వైపు రిఫైనరీలో కనబడే గుండ్రటి గ్యాస్ ట్యాంకుల్లాంటి వాటికి, నడిమికి కోస్తే వచ్చే వృత్తం వైశాల్యానికి 4 రెట్లు. అర్ధగోళం వంపుకి 2 రెట్లు. అంతే.

ఇక శంకువు. ఇక్కడ ఆగండి. శంకువుకి రెండు ఎత్తులు: కొన నుంచి నేలకు నిట్టనిలువుగా ఒకటి, కొన నుంచి అంచుదాకా వాలు వెంబడి ఇంకొకటి. టార్పాలిన్ పరుచుకునేది వాలు మీద. కాబట్టి కావలసింది ఏటవాలు ఎత్తే.

వ్యాసార్థం 4 మీటర్లు, నిలువెత్తు 3 మీటర్ల కుప్ప తీసుకోండి. 4 వర్గం 16, 3 వర్గం 9, మొత్తం 25. వర్గమూలం 5. అదే ఏటవాలు. కొందరు వర్గాలూ వర్గమూలమూ ఎందుకని 4, 3 కలిపి 7 అంటారు. వాళ్లకి 25 చదరపు మీటర్ల గుడ్డ మిగిలిపోతుంది. నిలువెత్తు 3నే వాడేసినవాళ్లకి సరిగ్గా అంతే తక్కువొస్తుంది.

అసలు కుప్ప దగ్గర వ్యాసార్థం, నిలువెత్తు వెతకడమే తెలివితక్కువ పని. కుప్ప నడిమధ్యకి టేపు ఎలా దూరుస్తారు? అడుగు చుట్టూ తాడు తిప్పి కొలవండి, వాలు మీద టేపు పరచండి, రెండూ గుణించి సగం చేయండి. మన కుప్ప చుట్టుకొలత 2 × π × 4, π అంటే 3.14 అనుకుంటే 25.12 మీటర్లు. దాన్ని 5తో గుణించి సగం చేస్తే 62.8 చదరపు మీటర్లు. నమ్మకం లేకపోతే బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నాక ఆ పొట్లం మూతి సమంగా కత్తిరించి విప్పి చూడండి: వృత్తంలో ఒక ముక్క. దాని వంపు అంచే చుట్టుకొలత, పక్క అంచే ఏటవాలు.

π కి 22/7 వాడినా, 3.14 వాడినా ఈ లెక్కలో పెద్ద తేడా రాదు.

కుప్ప అడుగు నేలమీదే ఉంటుంది కనుక దాన్ని కలపొద్దు. అంచున ఇసుక బస్తాలు పెట్టడానికి కావలసిన గుడ్డ ఈ 62.8లో లేదు. వాలు కొలతకి ఓ అర మీటరు కలిపి, తాడు కూడా అంత దూరం బయటికి జరిపి కొలవండి.