గేమ్‌లో రాజ్యం గీస్తున్నారా? జనాభా లెక్క ఇలా వేయండి

చాలామంది ముందు కోట కట్టేసి, చుట్టూ నాలుగు గుడిసెలు వేసి మహానగరం అనేస్తారు. వాళ్లు తినే గింజలు ఎక్కడ పండుతున్నాయంటే జవాబుండదు. తిండి దగ్గర మొదలుపెట్టండి.

మొదట మ్యాప్ వైశాల్యం. 100 కిలోమీటర్ల పొడవు, 60 వెడల్పు అనుకుందాం, 6,000 చదరపు కిలోమీటర్లు, దాదాపు మన పాత శ్రీకాకుళం జిల్లా అంత. 2011 లెక్కల్లో ఆ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 463 మంది, కానీ ఆ అంకె ఎత్తుకెళ్లి మ్యాప్‌లో పెట్టకండి, అది యూరియా, మోటార్లు, రేషన్ బియ్యం ఉన్న కాలం. కత్తుల కాలానికైతే 1086 నాటి ఇంగ్లండ్‌లో చరిత్రకారుల అంచనా పది పదిహేను మందే, 1300 నాటి ఫ్రాన్స్‌లో 30-40.

తర్వాత నేలను విడగొట్టండి. వంశధార పక్కన వరి పండే పల్లానికీ సీతంపేట కొండల మీద పోడుకీ ఒకే అంకె ఎలా కుదురుతుంది? సగం పల్లానికి 50 చొప్పున లక్షన్నర, సగం కొండకు 10 చొప్పున 30 వేలు, మొత్తం 1.8 లక్షలు.

ఇందులో పట్టణాలకు పదో వంతు, 18 వేలు చాలు. 8 వేలతో ఒక నగరం, మిగతావి సంత జరిగే చిన్న ఊళ్లు. తక్కువనిపిస్తోందా? మనిషికి రోజుకు అర కిలో గింజలన్నా ఆ నగరానికి 4,000 కిలోలు కావాలి, బండికి 500 కిలోలు వేస్తే రోజూ ఎనిమిది ఎడ్లబండ్లు కోట గుమ్మం దాటాలి, వానాకాలం బురదలో కూడా. తెల్లారేసరికి గుమ్మం దగ్గర ఆ బండ్లు, సుంకం దగ్గర గొడవ, పక్కన గడ్డి అమ్మేవాళ్లు కనిపిస్తే ఆడేవాడు నగరాన్ని నమ్ముతాడు, నా దృష్టిలో పదంతస్తుల బురుజు కన్నా ఇదే ముఖ్యం.

పల్లంలో పదో వంతు పట్టణాలకు పోగా మిగిలిన లక్షా 35 వేలమందిని 400 మంది ఊళ్లుగా పంచితే 340 ఊళ్లు, ఊరికీ ఊరికీ సుమారు మూడు కిలోమీటర్లు. గట్టు మీద నిలబడితే పక్క ఊరి తాటిచెట్లు కనిపించాలన్నమాట. అన్నీ కట్టక్కర్లేదు, ఐదారు కట్టి, మిగతావి దూరంగా పొగలా చూపించండి, చేలు మాత్రం కుదించకండి.

చివరగా విలన్లను లెక్కపెట్టండి. 400 మంది ఊరి పక్క గుహలో 60 మంది దొంగలుంటే వాళ్లు ఎవరిని దోచుకు బతుకుతారు? వారానికి పదిమందిని మింగే రాక్షసుడైతే 40 వారాల్లో ఊరు ఖాళీ. మేకలు పెట్టండి వాడికి.