సైంటిఫిక్ కంప్యూటింగ్ కోసం రెండు, మూడు జీపీయూల వర్క్‌స్టేషన్ ఎలా అసెంబుల్ చేయాలి?

చాలామంది ముందు గ్రాఫిక్స్ కార్డులు (జీపీయూలు) ఎంచుకుని, ఆ తర్వాత వాటికి సరిపోయే మదర్‌బోర్డు కోసం వెతుకుతారు. దయచేసి ఈ వరుస తిరగేయండి. మీ ప్రోగ్రామ్ ఎలాంటి లెక్కలు చేస్తుంది, ఎంత మెమరీ తీసుకుంటుంది, కార్డుల మధ్య ఎంత డేటా అటూ ఇటూ తిరుగుతుంది అనేవి తేలితే మిగతా నిర్ణయాలు సగం వాటంతట అవే అయిపోతాయి.

1. ప్రోగ్రామ్ అవసరం తేల్చుకోండి

మొదటి ప్రశ్న డబుల్ ప్రెసిషన్ (ఒక్కో సంఖ్యకి 64 బిట్లు) కావాలా, సింగిల్ ప్రెసిషన్ (32 బిట్లు) చాలా అని. గేమింగ్ కార్డుల్లో డబుల్ ప్రెసిషన్ పేరుకే ఉంటుంది. ఎన్‌విడియా గేమింగ్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090 సింగిల్ ప్రెసిషన్‌లో 82 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు) దాకా ఇస్తుంది. డబుల్ ప్రెసిషన్‌లో వచ్చేది అందులో 64వ వంతు, అంటే సుమారు 1.3 మాత్రమే. అంతకంటే పాతదైన డేటా సెంటర్ కార్డు ఏ100 డబుల్ ప్రెసిషన్‌లో 9.7 టెరాఫ్లాప్స్ ఇస్తుంది. గ్రోమాక్స్, ఆంబర్ లాంటి మాలిక్యులర్ డైనమిక్స్ ప్రోగ్రాములు ఎక్కువ భాగం సింగిల్ ప్రెసిషన్‌తోనే నడుస్తాయి కాబట్టి వాటికి గేమింగ్ కార్డు చక్కగా సరిపోతుంది. పెద్ద మాట్రిక్సుల మీద డబుల్ ప్రెసిషన్‌లో పనిచేసే కోడ్‌కి మాత్రం డేటా సెంటర్ కార్డు గురించి ఆలోచించాలి.

తర్వాత మెమరీ. దీనికి కాగితం, పెన్ను చాలు. 50,000 వరుసలు, 50,000 నిలువులు ఉన్న మాట్రిక్స్‌ని డబుల్ ప్రెసిషన్‌లో పెడితే 20 జీబీ. ప్రతి దిశలో 1,024 పాయింట్లున్న త్రీడీ గ్రిడ్‌లో ఒక్కో రాశికి 8.6 జీబీ. ద్రవ ప్రవాహంలో మూడు వేగాలు, పీడనం, ఉష్ణోగ్రత కలిపితే ఐదు రాశులు, అంటే 43 జీబీ. 24 జీబీ కార్డు ఒకటి చాలదు. రెండు కార్డులకు పంచినా ఒక్కోదానికి 21.5 జీబీ పడుతుంది, మధ్యలో కోడ్ వాడుకునే తాత్కాలిక అరేలకు చోటు మిగలదు. ఈ లెక్క కొనే ముందే వేసుకోవాలి.

2. కార్డుల మధ్య దారి ఎంత వెడల్పు ఉండాలి?

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. 4090 తన సొంత మెమరీని సెకనుకు సుమారు 1,000 జీబీ వేగంతో చదువుతుంది. కార్డుని మదర్‌బోర్డులో గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 స్లాట్ పూర్తి 16 లేన్లతో (లేన్ అంటే డేటా వెళ్లే ఒక్కో దారి) ఒక దిశలో ఇచ్చేది మహా అయితే 32 జీబీ. అంటే కార్డు గడప దాటగానే వేగం ముప్పయ్యో వంతుకు పడిపోతుంది.

పై గ్రిడ్‌నే తీసుకోండి. రెండు కార్డులకు పంచితే, పక్క కార్డుకి పంపాల్సింది సరిహద్దు పొర మాత్రమే అయితే ఐదు రాశులకూ కలిపి 42 ఎంబీ. 16 లేన్ల మీద ఇది ఒకటిన్నర మిల్లీసెకన్ల లోపు పని, కాబట్టి 8 లేన్లున్నా ఇబ్బంది లేదు. అదే గ్రిడ్ మీద త్రీడీ ఎఫ్‌ఎఫ్‌టీ (ఫాస్ట్ ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్, డేటాని తరంగాలుగా విడదీసే లెక్క) చేస్తే కథ మారిపోతుంది. ఒక్క రాశికే ప్రతి కార్డూ తన దగ్గరున్న దాంట్లో సగం, అంటే 2.15 జీబీ రెండోదానికి పంపాలి. 16 లేన్ల మీద కనీసం 67 మిల్లీసెకన్లు, 4 లేన్ల మీద 270 దాకా. కార్డు తన భాగాన్ని ఒకసారి చదవడానికి పట్టేది నాలుగైదు మిల్లీసెకన్లే! అలాంటి కోడ్‌కి ఎన్‌వీలింక్ (కార్డులను నేరుగా కలిపే వేగవంతమైన లింక్) ఉన్న కార్డులు వెతకాలి. ఆర్‌టీఎక్స్ 3090లో అది ఉంది, 4090లో లేదు. పైగా 4090లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు, ఎన్‌విడియా డ్రైవర్ ఒప్పుకోదు. డేటా ర్యామ్ మీదుగా వెళ్లాల్సిందే, కాబట్టి పై అంకెలు ఇంకా పెరుగుతాయి.

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లు గ్రాఫిక్స్ కార్డులకు 16 లేన్లే ఇస్తాయి. రెండు కార్డులు పెడితే ఎనిమిదీ ఎనిమిదిగా చీలుస్తాయి, అదీ మదర్‌బోర్డు ఒప్పుకుంటేనే. కొన్ని బోర్డుల్లో రెండో స్లాట్ చూడటానికి పెద్దగా ఉన్నా లోపల 4 లేన్లే ఉంటాయి. మాన్యువల్‌లో లేన్ల పట్టిక చూడకుండా బోర్డు కొనకండి. మూడు, నాలుగు కార్డులకు 128 లేన్లుండే థ్రెడ్‌రిప్పర్ ప్రో లేదా ఎపిక్, 112 లేన్లుండే జియాన్ డబ్ల్యూ-3400 లాంటి ప్రాసెసర్లు చూడండి.

ర్యామ్ కనీసం అన్ని కార్డుల మెమరీ కలిపినంత, వీలైతే దానికి రెట్టింపు పెట్టండి. వారాల తరబడి నడిచే లెక్కలైతే ఈసీసీ ర్యామ్ (మెమరీలో దొర్లే తప్పుల్ని తనే సరిచేసుకునే రకం) తప్పనిసరి అని నా అభిప్రాయం.

3. కరెంటు, వేడి

రెండు 4090లు 900 వాట్లు, ప్రాసెసర్ 350, మిగతావి ఓ వంద. మొత్తం 1,350. కార్డులు క్షణకాలం తమ పరిమితి దాటి కరెంటు లాగుతాయి కాబట్టి 1,600 వాట్ల పవర్ సప్లై పెట్టండి. గోడ సాకెట్, దాని వెనక వైరింగ్, యూపీఎస్ ఈ లోడు మోస్తాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ఈ కరెంటంతా చివరికి గదిలో వేడిగా మారుతుంది. టన్ను ఏసీ తీసేయగలిగేది సుమారు 3.5 కిలోవాట్లు, అందులో మూడో వంతుకు పైగా ఈ ఒక్క మెషీన్‌కే పోతుంది.

క్యాబినెట్ లోపల వేడి ఇంకా మొండిది. నేను మొదటిసారి కట్టినప్పుడు మూడు ఫ్యాన్ల కార్డులు రెండింటిని ఆనుకున్నట్టే పెట్టాను. కింది కార్డు వదిలిన వేడిగాలినే పైది పీల్చుకుని, పావుగంటలో దాని క్లాక్ స్పీడ్ దిగిపోయింది. స్లాట్ మార్చి మధ్యలో ఖాళీ వదిలాకే కుదుటపడింది. మూడు కార్డులు దాటితే వేడిగాలిని వెనక నుంచి బయటికి తోసే బ్లోయర్ రకం కొనండి, చప్పుడు ఎక్కువైనా సరే. ఏ100 లాంటి డేటా సెంటర్ కార్డులకు సొంత ఫ్యాన్ ఉండదు. సర్వర్‌లో ఉన్నంత గాలి ఒత్తిడి మీరు క్యాబినెట్‌లో ఏర్పాటు చేయలేకపోతే వాటి జోలికి వెళ్లకండి.

4. బిగించడం

ముందు ఒకే కార్డుతో మెషీన్ ఆన్ చేసి, అది సరిగ్గా నడిచాకే రెండోది పెట్టండి. రెండూ ఒకేసారి పెడితే తప్పు ఎక్కడుందో తెలియక టెన్షన్. 12 వోల్టుల కొత్త రకం కనెక్టర్‌ని చివరిదాకా నొక్కండి, కనెక్టర్‌కి ఆనుకుని కేబుల్ వంచకండి. 2022లో కొన్ని 4090ల కనెక్టర్లు కరిగినప్పుడు, పూర్తిగా లోపలికి దిగకపోవడం తరచుగా కనిపించిన కారణమని ఎన్‌విడియా చెప్పింది. బయోస్‌లో ‘అబవ్ 4జీ డీకోడింగ్’ ఆన్ చేయండి. అది లేకపోతే ఎక్కువ కార్డులున్నప్పుడు కొన్ని కనిపించకపోవచ్చు.

5. పని అప్పగించే ముందు పరీక్ష

లినక్స్, డ్రైవర్, CUDA (ఎన్‌విడియా కార్డుల మీద లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ అయ్యాక ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ (nvidia-smi) కమాండ్‌తో ప్రతి కార్డుకీ ఎన్ని లేన్లు దక్కాయో చూడండి. ఊరికే ఉన్నప్పుడు కార్డులు కరెంటు ఆదా కోసం లింక్ వేగం తగ్గించుకుంటాయి, కాబట్టి లోడు ఉన్నప్పుడే చూడాలి. తర్వాత అన్ని కార్డులనూ కనీసం కొన్ని గంటలు పూర్తి లోడులో నడిపి ఉష్ణోగ్రత, క్లాక్ స్పీడ్ రాసుకోండి. వేడి తగ్గకపోతే అదే కమాండ్‌తో 450 వాట్ల కార్డుని 350కి పరిమితం చేయొచ్చు. మెమరీ వేగం మీద ఆధారపడే కోడ్‌లో దానివల్ల పోయే వేగం చాలా తక్కువ. రీబూట్ చేస్తే ఈ పరిమితి పోతుంది, అందుకని స్టార్టప్‌లోనే పెట్టుకోండి. జవాబు ముందే తెలిసిన ఒక లెక్కని ఒక్కో కార్డు మీద విడిగా చేయించి ఫలితాలు సరిచూడటం మాత్రం మరవకండి.

చివరగా మీ అసలు కోడ్‌నే ఒక కార్డుతో, తర్వాత రెండింటితో నడపండి. పది గంటల పని ఐదున్నరకి దిగితే బాగుంది. ఎనిమిది గంటలకే ఆగితే, ఆ రెండు కార్డులకూ చెరో పని ఇవ్వడమే మేలు. అలా చేస్తే పది గంటల్లో రెండు పనులూ అయిపోతాయి, ఒకదాని తర్వాత ఒకటి రెండు కార్డుల మీద నడిపితే పదహారు పడుతుంది.