పైరులో పచ్చ గాజు: చదునైన సమాధి దిబ్బను గుర్తించిన తీరు (నా అనుభవం)

పొలాల వైమానిక చిత్రాల్లో ఎక్కడ చూసినా గుండ్రని మచ్చలే. ఏది చరిత్రపూర్వ సమాధి దిబ్బో, ఏది నిన్నటి గడ్డివాము ఆనవాలో తేలేది కాదు. జూమ్ చేశాను, రంగులు పెంచాను, దండగ.

చివరికి గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తెరిచి, వానలు ముఖం చాటేసిన ఏడాదిలో, పైరు పండబోయే వారాలది వెతికాను. నాగళ్లు దిబ్బను చదును చేసినా, దాని చుట్టూ తవ్విన కందకం పూడిపోయి తేమ పట్టి ఉంటుంది. అక్కడి పైరు ఆలస్యంగా పండుతుంది. పసుపు పొలంలో సన్నని పచ్చ గాజు పడేసినట్టుంది! అడ్డుకొలత 24 మీటర్లు. ఆ తర్వాత మరో రెండు కరువేళ్ల చిత్రాల్లోనూ ఆ గాజును అదే చోట చూశాను. వాము మచ్చ చోటు మారుతుంది, కందకం మారదు.

బంకమట్టి నేలల్లో ఈ కిటుకు నాకు ఒక్కసారీ పనిచేయలేదు. కంకర, సుద్ద నేలల్లోనే ఫలించింది. అయినా తవ్వి చూడనిదే అది సమాధేనని ఒట్టు పెట్టను.