పాత స్పోర్ట్స్ కారు స్టీరింగ్ – 3వ పాఠం: స్పిట్‌ఫైర్ కాలమ్ బుష్షులు

కిందటి పాఠంలో స్టీరింగ్ వీల్ ఊడదీశాం. ఈసారి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కాలమ్ (వీల్ నుంచి కిందికి వెళ్ళే షాఫ్టు, దాని గొట్టం) లోపలికి వెళ్లి, బుష్షులు (షాఫ్టు ఊగకుండా గొట్టంలో పట్టి ఉంచే తొడుగులు) మారుద్దాం. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులో తయారైన ఈ రెండు సీట్ల కారుకు ఆధారం ట్రయంఫ్ హెరాల్డ్ చాసిస్ (కింది ఇనుప చట్రం). ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్‌గా తయారైంది. అందుకే ఇంట్లో పాత స్టాండర్డ్ హెరాల్డ్ ఉన్నవాళ్ళకూ ఈ పాఠంలోని పద్ధతి పనికొస్తుంది. విడిభాగాలు మాత్రం పాతదాని పక్కన పెట్టి పోల్చి చూసుకున్నాకే కొనండి.

స్టీరింగ్‌లో ప్లే (వదులు) కనిపించగానే చాలామంది ర్యాక్ (వీల్ తిప్పుడును ముందు చక్రాలకు అందించే పళ్ళ కడ్డీ) మార్చేస్తారు. అంత ఖర్చు పెట్టాక కూడా ప్లే అలాగే ఉంటే ఎంత బాధ! ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. వీల్‌ను తిప్పకుండా పైకీ కిందికీ, పక్కలకూ ఊపండి. కదిలితే కాలమ్ గొట్టంలోని బుష్షులు అరిగినట్టే. ఇప్పుడు ఇంకొకరిని వీల్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పమని, మీరు బానెట్ ఎత్తి ర్యాక్ దగ్గర షాఫ్టును, పినియన్‌ను (ర్యాక్‌ను కదిపే చిన్న పళ్ళ చక్రం) కలిపే రబ్బరు కప్లింగ్‌ను గమనించండి. పైనున్న షాఫ్టు తిరుగుతున్నా కింది పినియన్ ఆలస్యంగా కదిలితే లోపం కప్లింగ్‌లో ఉంది. ఈ రెండూ బాగుంటేనే ర్యాక్ వైపు చూడండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, షాఫ్టులు కలిసేచోట గుర్తు గీయండి. కింది షాఫ్టు పై షాఫ్టులోకి దూరే చోట ఒక క్లాంప్ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే బయటి గొట్టంలో ఉన్న పై షాఫ్టును కారు లోపలివైపు నుంచి లాగేయవచ్చు. రాకపోతే సుత్తితో కొట్టకండి. ఇంకా ఎక్కడ పట్టి ఉందో వెతకండి.

బయటి గొట్టానికి పైన ఒకటి, కింద ఒకటి రబ్బరు బుష్షులు ఉంటాయి. వాటి బుడిపెలు గొట్టానికున్న రంధ్రాల్లో కూర్చుంటాయి. బయటినుంచి స్క్రూడ్రైవర్ మొనతో బుడిపెల్ని లోపలికి నొక్కితే బుష్షు జారుతుంది. గొట్టం లోపల తుప్పూ పాత గ్రీజూ పూర్తిగా తుడవండి. షాఫ్టు మీద బుష్షు రాసుకునే చోట గోరు పెట్టి జరపండి. గోరు మెట్టుకు తగులుకుంటే షాఫ్టే అరిగింది. దాని మీద కొత్త బుష్షు నిలవదు. షాఫ్టు మార్చండి, వెల్డింగ్‌తో మాత్రం నింపించకండి. స్టీరింగ్ షాఫ్టు విరిగితే కారు మన చేతుల్లో ఉండదు.

మామూలు బేరింగ్ గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. సిలికాన్ గ్రీజు గానీ, సబ్బునీళ్ళు గానీ రాసి, బుడిపెలు రంధ్రాల్లో టక్కున పడేదాకా బుష్షును నెట్టండి. ఆ చప్పుడు వినకుండా ముందుకు పోవద్దు.

మళ్ళీ బిగించేటప్పుడు క్లాంప్ దగ్గర తొందర పనికిరాదు. గుద్దుకున్నప్పుడు షాఫ్టులు ఒకదాంట్లోకి ఒకటి జారి వీల్ మన ఛాతీ మీదికి రాకుండా కాపాడే ఏర్పాటు అదే. క్లాంప్ మీది లాక్‌నట్టు (స్క్రూ కదలకుండా పట్టే నట్టు) వదులు చేసి, ఎలెన్ స్క్రూను (తలలో ఆరు మూలల గుంట ఉన్న స్క్రూ) రెండు చుట్లు వెనక్కి తిప్పండి. గుర్తులు కలిపి, ముందు క్లాంప్ బోల్టులు బిగించండి. తర్వాత ఎలెన్ స్క్రూ, చివర లాక్‌నట్టు. ఈ వరస మార్చకండి. ఎంత బిగువో మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ చూసి, టార్క్ రెంచితోనే బిగించండి. నైలాన్ లాకింగ్ నట్లు పాతవి మళ్ళీ వాడొద్దు.

ఇంకొకటి. హారన్ బటన్‌కు ఎర్త్ కాలమ్ షాఫ్టు గుండానే వస్తుంది. మధ్యలో ఉన్న రబ్బరు కప్లింగ్‌లో కరెంటు పారదు కాబట్టి, దాన్ని దాటిస్తూ చిన్న ఎర్త్ వైరు ఉంటుంది. అది తెగినా, తుప్పు పట్టినా హారన్ మోగదు. బ్యాటరీ కలిపి, వీల్‌ను ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పుతూ హారన్ నొక్కండి. ఎక్కడైనా ఆగితే ఆ వైరు కొసలు గీకి శుభ్రం చేయండి.

వచ్చే పాఠం ర్యాక్ మౌంటింగులది. ఈలోగా కొంచెం దూరం నెమ్మదిగా నడిపి, క్లాంప్ బోల్టుల బిగువు మరోసారి చూసి ఉంచండి.